గోలెం మీది చెయ్యి

ముంతలో నీళ్లు కదలలేదు.

మొన్న పొద్దుగూకినప్పటి నుంచి అంతే. మెడ దాకా భూమిలో పాతిన గోలెం, దాని మూతికి మెత్తిన పేడమన్ను, మన్నులోంచి బయటికి వంగిన ఆముదపు కాడ, ఆ కాడ కొస మునిగిన మట్టిముంత. గోలెం బతికుంటే కాడలోంచి గాలి తన్నుకొచ్చి ముంతలో బుడగలు లేస్తాయి. ఇంట్లో ఏ మూలనున్నా ఆ బుడబుడ చెవిన పడుతూనే ఉంటుంది. ఇప్పుడు ముంత అంచున ఈగ కూర్చొని కాళ్లు రుద్దుకుంటోంది.

ఈదయ్య గొంతుకూర్చొని ముంతకు చెవి ఆనించాడు. కళ్లకు పొర కమ్మి మూడేళ్లయింది. ఆయన చూపంతా చెవుల్లోకి, వేళ్లలోకి దిగింది. చాలాసేపు విన్నాడు. నిన్న పగిలిన మూతను ఆశ చావక తన చేత్తోనే మళ్లీ మెత్తాడు. ఆ మన్నును ఇప్పుడు తనే పెకిలించి, రెండు వేళ్లు లోపల ముంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సచ్చింది," అన్నాడు.

పొయ్యి ముందు జొన్నగటక కలుపుతున్న పెద్దకోడలు జంగమ్మకు ఆ మాట వినపడింది. చేతిలో తెడ్డు ఆగలేదు. ఆగితే ఎవరైనా చూస్తారేమోనని ఇంకాస్త జోరుగా తిప్పింది.

చచ్చింది పుల్లనీళ్ల గోలెం. సూర్యాపేట చివర ఆ తోళ్ల ఇంటికి అన్నం పెట్టేది అదే. మేక పొట్టలోని పసరు, తరిగిన జొన్నసొప్ప, తవుడు, గోరువెచ్చని నీళ్లు కలిపి, గోలెం నిండా పోసి మూస్తారు. చుట్టూ పేడదిబ్బ వేడి. మూడు రోజుల్లో సొప్ప కరిగి నీళ్లు నాలుక చుర్రుమనేంత పులుస్తాయి. సున్నంలో ఉబ్బిన తోలును ఆ నీళ్లలో వేస్తే సున్నం వదిలి, చంటిపిల్ల చెవిలా మెత్తబడుతుంది. అప్పుడే తంగేడు చెక్క రసం తోలులోకి ఇంకుతుంది. లేకపోతే తోలు పెళుసెక్కి ఎండిన రొట్టెలా విరుగుతుంది.

సున్నపు గుంతలో ఆరు దున్నపోతు తోళ్లున్నాయి. ఇవాళ ఏడో రోజు. మిర్యాలగూడ దగ్గర వేములపల్లి రైతులు, మిలిటరీ దిగిన ఆ రెండేళ్ల గొడవల్లో ఊళ్లు విడిచి పోయినవాళ్లు, తిరిగొచ్చి పాడుబడ్డ బావులకు మోటలు కట్టుకుంటున్నారు. నీళ్లు చేదే తోలు తొండాలకు ఈదయ్య ఇంటికే కబురు పెట్టారు. మెత్తని తోలు ఈ చుట్టుపక్కల ఈ ఇంట్లోనే దొరుకుతుందని వాళ్ల తాతల నాటి నమ్మకం.

"తోళ్లను గుంతల నుంచి తీయండి," అన్నాడు ఈదయ్య కొడుకులతో. "పలుచని సున్నపు నీళ్లల్ల ఏస్తే ఇంకో రెండు దినాలు ఆగుతయ్. ఆ తర్వాత ఆగవు."

పెద్దకొడుకు కాటయ్య లేచాడు. చిన్నకొడుకు మల్సూర్ లేవలేదు. గోడకు ఆనుకొని, తన పెళ్లాం వంక చూడకుండా, నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

ఆ పెళ్లాం, నర్సమ్మ, వాకిట్లో నిలబడి ఉంది. నిన్న పొద్దున పగిలిన మూత ముక్కలతో మామకు దొరికిపోయింది ఆమే. ఎందుకు తీశావంటే, "పగిలింది మామా," అంది. తనంతట తనే పగిలిందా అంటే మాట్లాడలేదు. మూడు రోజులు నిండకుండా ఎందుకు ముట్టుకున్నావంటే మాట్లాడలేదు. నిన్నంతా అడిగి అడిగి మామ గొంతు బొంగురుపోయింది గానీ ఆమె నోటి నుంచి రెండో మాట రాలేదు.

ఈ ఇంటికి ఒక కట్టుబాటుంది. ఈదయ్య తల్లి పెట్టింది. గోలెం మూసిన మనిషి పచ్చి మన్ను మీద తన అరచెయ్యి అద్దాలి. ఆ చెయ్యి ఎవరిదో వాళ్లే మూడో రోజున తీయాలి. ఇంకొకరు తీసినా, ముందే తీసినా, ఆ తీసిన చెయ్యి బతికినంత కాలం మళ్లీ గోలెం మీద పడరాదు.

పద్దెనిమిదేళ్లు ఆ మన్ను మీద పడింది జంగమ్మ చెయ్యే. కాపురానికొచ్చిన రెండో ఏడు, తంగేడు చెక్క కొడుతుంటే కత్తి జారి కుడి చిటికెన వేలు సగానికి పోయింది. గుడ్డ చుట్టుకొని, ఆ చేత్తోనే అదే రోజు గోలెం మూసింది. అత్త చచ్చిపోతూ "గోలెం పెద్దదానిదే" అని చెప్పి పోయింది.

నర్సమ్మ వచ్చి ఏడాది కాలేదు. కోదాడ పిల్ల. వాళ్ల తల్లిగారింట్లోనూ తోళ్ల పనే. ఒకసారి జంగమ్మకు జ్వరం తగిలి పడుకుంటే చిన్నది గోలెం వేసింది. మూడో రోజుకు కావాల్సిన పులుపు రెండో రోజు పొద్దుగూకేసరికే వచ్చింది. ఈదయ్య చుక్క నాలుక మీద వేసుకొని నవ్వాడు. కళ్లు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. "ఈ పిల్ల చేతిల ఏదో ఉన్నది," అన్నాడు.

అంతే. జ్వరం తగ్గి జంగమ్మ లేచేసరికి గోలెం మీద ఐదు నిండు వేళ్ల చెయ్యి అద్ది ఉంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఎవరూ ఆమెను అడగలేదు.

రెండు నెలలు ఆ బుడబుడ విన్నది జంగమ్మ. తన గోలెం ముసలిదానిలా గొణిగేది. ఇది పెళ్లింటి మందిలా మాట్లాడుతోంది. గటక ముద్ద గొంతులో ఉండగా వినపడేది. చాప మీద ఒరిగితే వినపడేది. మొగుడు కాటయ్య ఒకసారి నవ్వుతూ అననే అన్నాడు: "మనింట్ల రెండు గోలాలు పులుస్తున్నయే. ఒకటి భూమిల, ఒకటి నీ కడుపుల."

ఇంకొకటి కూడా ఉంది. అది మొగుడికీ చెప్పలేదు. గోలెం వేసే రోజుల్లో తెల్లవారుతుండగా నర్సమ్మ ఎక్కడికో పోయి వచ్చేది. వచ్చేటప్పుడు కొంగు కింద కడుపు ఎత్తుగా ఉండేది. రెండు చేతులూ దాని కింద పెట్టుకొని, అడుగు అడుగు చూసుకుంటూ నడిచేది. జంగమ్మ తడిక సందులోంచి మూడుసార్లు చూసింది. పద్దెనిమిదేళ్లుగా తన కడుపు పండలేదు. ఇది వచ్చి ఏడాది కాలేదు, నీళ్లు పోసుకుంది, పోసుకొని తనకు చెప్పకుండా దాస్తోంది, తన దిష్టి తగులుతుందని దాస్తోంది. ఆ లెక్క జంగమ్మ తనకు తానే వేసుకుంది. వేసుకున్నాక ఇక దాన్ని చెరపలేకపోయింది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం నర్సమ్మ వాగుకు పోయింది. మగవాళ్లు తంగేడు చెక్కకు పోయారు. మామ కునుకు తీస్తున్నాడు. జంగమ్మ గోలెం మూత పెకిలించింది.

చెడగొడదామని కాదు. ఆ మాట ఆమె తనకు తాను నూరుసార్లు చెప్పుకుంది. ఆ పసరులో కొంత తనకు కావాలి, దాంతో తనూ విడిగా పులియబెట్టి చూడాలి, అంతే. రెండు కడవలు ముంచి, చెక్క కుప్ప వెనక దాచిన పాత బానలో పోసుకుంది. గోలెంలో మట్టం తగ్గింది. తగ్గితే తెలిసిపోతుందని రెండు కడవల బావినీళ్లు పోసి, కట్టెతో అడుగు దాకా కలియబెట్టి, మన్ను తడిపి మళ్లీ మెత్తింది. చలికాలపు బావినీళ్లు. పొద్దుగూకేసరికి ముంత మూగబోయింది. తను దాచుకున్న బానా మూగబోయింది. దాన్ని ఎవరూ చూడకుండా కాలువలో కుమ్మరించింది. దొంగిలించిందీ దక్కలేదు, ఉన్నదీ పోయింది.

"మల్సూరూ," అన్నాడు ఈదయ్య. "పగటి బస్సుకు దీన్ని కోదాడ తోలుకపో. వాళ్ల నాయనకు అప్పజెప్పి రా."

మల్సూర్ పుల్ల విరిచి పారేశాడు.

తప్పు చేసినందుకు పంపడం లేదని ఈదయ్య చెప్పాడు. తప్పు ఎవరైనా చేస్తారు, తనూ చేశాడు, గోలెం పోతే ఇంకొకటి వేసుకోవచ్చు. కానీ ఇంట్లో ఉండి నోరు విప్పని మనిషిని పక్కన పెట్టుకొని పని చేయడం తన వల్ల కాదన్నాడు. ఇప్పటికైనా చెప్పమన్నాడు. "ఎందుకు తీసినవో ఒక్క మాట చెప్పు బిడ్డా. బస్సు సంగతి ఇడిసిపెడత."

నర్సమ్మ తలెత్తింది. ఆ చూపు మామ మీద నుంచి జంగమ్మ మీదికి వచ్చింది, అక్కడ ఆగలేదు, పొయ్యి మీదికి పోయింది.

"గటక మాడుతుందక్కా," అంది.

జంగమ్మ గబుక్కున కుండ దించింది. వేళ్లు కాలాయి.

తర్వాత నర్సమ్మ మామను ఒక్కటి అడిగింది. పోయేలోగా ఇంకో గోలెం వేయించి పోతానంది. ఆరు తోళ్లు తన పేరు మీద కుళ్లిపోతే కోదాడలో తనకు ముద్ద దిగదంది. తన తీరులో వేస్తే రెండు రోజుల్లోనే పులుస్తుంది, తోళ్లు దక్కుతాయి.

ఈదయ్య ఆలోచించాడు. "నువ్వు గోలెం తాకొద్దు. నోటితోని చెప్పు. పెద్దకోడలు చేస్తది. ఇగ ఆ గోలెం పెద్దకోడలిదే."

రెండు నెలలుగా జంగమ్మ ఎదురుచూసిన మాట అదే. వచ్చింది. వస్తే గుండె నిండుతుందనుకుంది. ఇంకొకరు తిని వదిలిన కంచం ముందు కూర్చున్నట్టుంది.

కాటయ్య చచ్చిన గోలెంలో నీళ్లు తోడి పారబోస్తున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని పెళ్లాం వంక చూసి, "గెలిచినవ్ పో," అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఆమె మొఖం చూసి మళ్లీ కడవ ముంచాడు.

నర్సమ్మ అప్పటికే మూట కట్టుకొని తలుపు పక్కన పెట్టింది. కటికాయన దగ్గరికి పోవాలి, నడుముకు చుట్టే గుడ్డలు రెండు కావాలి, అవి మూటలో అడుగున ఉన్నాయి, తీసుకొని రమ్మని జంగమ్మకు చెప్పి తను నీళ్లు కాగబెట్టే పనిలో పడింది.

జంగమ్మ మూట విప్పింది. రెండు చీరలు. దువ్వెన. తండా ఆడవాళ్ల దగ్గర కొన్న అద్దాల రవిక. కింద పాత గుడ్డలు. వాటి మడతలో ఏదో గట్టిగా తగిలింది.

విప్పి చూస్తే ఎండిన పేడమన్ను పెచ్చు. గోలెం మూత ముక్క. అరచేతి కంటే కాస్త పెద్దది. దాని మీద వేళ్ల గుంటలు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. ఆ పక్కన సగం గుంట.

జంగమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది.

అద్దింది. మంగళవారం మన్ను మెత్తి, ఎవరైనా వస్తారేమోనని వాకిలి వైపు చూస్తూ, తన చెయ్యి అద్దింది. పద్దెనిమిదేళ్లు మెత్తిన వెంటనే అద్దిన చెయ్యి. ఆమె చెప్పకుండానే ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆమెకు తెలియనే లేదు.

నర్సమ్మకు తెలుసు. నిన్న పొద్దున మూత మీద తన చేతికి బదులు ఈ చెయ్యి చూసింది. మామ వేళ్లు దాని మీద పడేలోగా పగలగొట్టింది. పగలగొడుతూ దొరికిపోయింది.

జంగమ్మకు ముందు భయమేసింది. ఆ భయం ఆరకముందే ఒళ్లు మండింది. దాచిపెట్టింది చూడు. ఎందుకు దాచినట్టు? కోదాడ పోయి వాళ్ల నాయనకు చూపించడానికి. పదిమందిలో పెట్టడానికి. గుడ్డలు తెమ్మని తననే మూట దగ్గరికి పంపిందే, చూడాలనే పంపిందా? పెచ్చును రొండిలో దోపుకొని, గుడ్డలు తీసుకొని, మూట మళ్లీ కట్టేసింది.

కటిక సైదయ్య దుకాణం బెజవాడ రోడ్డు అవతల. ఇద్దరూ నడిచారు. మిలిటరీ లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. దుమ్ము అణిగాక మళ్లీ నడిచారు. జంగమ్మ రెండడుగులు వెనక నడుస్తూ ఆ నడుమును చూసింది. సన్నగా ఉంది. పక్కకు వచ్చి చూస్తే కడుపు లోపలికే ఉంది. ఇవాళ ఎత్తు లేదు.

సైదయ్య రెండు మేకలను అప్పుడే కోశాడు. నర్సమ్మ ఆయన పక్కన కూర్చొని, పొట్టసంచి బయటికి రాగానే రెండు వైపులా మెడలు నారతో బిగించి కట్టింది. జంగమ్మ ఇన్నేళ్లూ దాన్ని అక్కడే కోసి, వెడల్పాటి తట్టలో పసరు పిండుకొని, నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చేది. నర్సమ్మ కోయలేదు. పిండలేదు.

"కొంగు తియ్యక్కా," అంది.

ఒక పొట్టసంచిని గుడ్డలో చుట్టి జంగమ్మ కడుపుకు ఆనించి, వెనక ముడి వేసింది. రెండోది తన కడుపుకు కట్టుకుంది. పైన కొంగు కప్పుకుంది. రెండు చేతులూ కింద పెట్టుకుంది.

జంగమ్మ ఆమె వంక చూసింది. అదే ఎత్తు. అవే చేతులు. తడిక సందులోంచి మూడుసార్లు చూసిన కడుపు.

"ఇదేనా?" అంది.

"ఏదక్కా?"

"ఏం లేదు. నడువు."

మేక పొట్టను చూసి కుళ్లిందా తను. రెండు నెలలు. ముద్ద సరిగా మింగకుండా, మొగుడితో నవ్వకుండా. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ బయటికి రాలేదు.

దారిలో నర్సమ్మ చెబుతూ పోయింది, గోలెం ఇక అక్కది కాబట్టి అన్నీ చెప్పాలి కదా అన్నట్టు. మేక నమిలి మింగడం వరకే, గడ్డిని పులుపు చేసేది మేక కాదని వాళ్లమ్మ అనేదట. దాని కడుపులో కంటికి కనపడనివి ఉంటాయట, లెక్కలేనన్ని. గడ్డి తినేది అవే, పులుపు చేసేది అవే. వాటికి మేక ఒంటి వేడి ఉండాలి. చలి తగిలితే చస్తాయి, గాలి సోకినా చస్తాయి. చల్లనీళ్లు పోసి కలియబెడితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే పొట్టను కోయకుండా, మనిషి కడుపు వేడికి కట్టుకొని తేవాలి.

"నా చేతిలో ఏం లేదక్కా," అంది. "మామ అట్టా అంటుంటే నాకే సిగ్గేసేది."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు అడగలేదుగా. అడుగుతావని ఎదురు చూశాను. నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది నువ్వు?"

జంగమ్మ అడుగు అడుగు చూసుకుంటూ నడిచింది. కడుపు మీద వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం లోపల ఏదో కదిలింది. గుడగుడమని, బొడ్డు పక్కన, చిన్న పిడికిలితో పొడిచినట్టు. ఆమె ఆగిపోయింది. మళ్లీ కదిలింది. రెండు చేతులూ వాటంతటవే కిందికి పోయి దాన్ని పట్టుకున్నాయి. ఆ బరువుకూ తన ఒంటికీ నడుమ, రొండిలో, పెచ్చు అంచు కోసుకుంటోంది.

"ఇది నీ మూటల దొరికింది," అంది, పెచ్చు పైకి తీయకుండా. ఏది అని నర్సమ్మ అడగలేదు. "ఎవరికి సూపెట్టేతందుకు దాసినవ్?"

"ఎవరికీ కాదు. ఇంట్లో ఎక్కడ పారేసినా మామ చేతికి తగులుద్దని భయం. బస్సు దాటేటప్పుడు పాలేరు వాగులో వేద్దామని."

"నన్నే ఎందుకు తెమ్మన్నవ్ గుడ్డలు?"

నర్సమ్మ కొంచెం దూరం నడిచింది. "మరిచిపోయా," అంది. అది నిజమో కాదో జంగమ్మ ఎంత చూసినా ఆ మొఖంలో దొరకలేదు.

"ఎందుకు పగలగొట్టినవ్? మామకు సూపెడితే అయిపోవు గదా. గోలెం నీకే ఉండు."

"పద్దెనిమిదేళ్ల చెయ్యక్కా అది. దాన్ని తీసేస్తే నీకేం మిగులుద్ది?"

జాలి. తిట్టినా బాగుండేది. మామ దగ్గర ఏడ్చి చెప్పినా బాగుండేది. గోలెం తీసుకుంది, మామ నవ్వు తీసుకుంది, ఇప్పుడు ఈ మంచితనం కూడా అదే తీసుకొని బస్సెక్కి పోతుంది. ఇక్కడ తను రోజూ ఆ మన్ను మీద చెయ్యి అద్దుతూ, ప్రతిసారీ, ఇది అది వదిలిపోయిందే కదా అనుకుంటూ బతకాలి. కోదాడలో కూర్చొని కూడా అది తన కంటే పైనే ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. కాటయ్య గోలెం వేడి నీళ్లతో రెండుసార్లు కడిగి, గోరువెచ్చని నీళ్లూ సొప్పా తవుడూ కలిపి ఉంచాడు. నర్సమ్మ దూరంగా నిలబడి చెప్పింది. జంగమ్మ చేసింది. పొట్టసంచి మెడను నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే నార కోసి, లోపలే పిండాలి. పైకి తేవద్దు. మోచేతుల దాకా వెచ్చగా, ఆకుపచ్చగా, జిగటగా ముంచుకుంది జంగమ్మ. రెండోదీ అంతే. కలియబెట్టబోయి ఆగింది. నర్సమ్మ అప్పటికే వద్దని చెయ్యి ఊపుతోంది. మూతి దాకా నింపి, మూకుడు పెట్టి, ఆముదపు కాడ గుచ్చి, కొసను ముంతలో ముంచి, పేడమన్ను మెత్తింది.

మన్ను పచ్చిగా మెరుస్తోంది.

రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. మల్సూర్ లేచి మూట అందుకున్నాడు. మొదటిసారి పెళ్లాం మొఖం చూశాడు, చూసి తల దించుకున్నాడు. నర్సమ్మ మామ కాళ్లకు దండం పెట్టింది. ఆయన చెయ్యి గాలిలో ఆమె తలను వెతికింది, దొరికేలోగా వెనక్కి తీసుకున్నాడు.

"చెయ్యి అద్దు పెద్దకోడలా," అన్నాడు. "ఆరిపోతది."

జంగమ్మ కుడిచెయ్యి చాచింది. మన్నుకు బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. నాలుగున్నర వేళ్లు. దాని నీడ మన్ను మీద పడింది. అద్దితే అయిపోతుంది. బస్సు పోతుంది. పెచ్చు పొయ్యిలో వేస్తే బూడిద. ఎవరికీ తెలియదు, ఒక్క నర్సమ్మకు తప్ప.

ఆ ఒక్కదానికి తెలియడమే ఆమె ఓర్చుకోలేకపోయింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. చీరకు తుడుచుకుంది. రొండిలోంచి పెచ్చు తీసి, మామ ముందు మోకాళ్ల మీద కూర్చొని, ఆయన అరచేతిలో పెట్టింది.

"అక్కా, వద్దు," అంది నర్సమ్మ వాకిట్లోంచి.

"నువ్వు ఊకో," అంది జంగమ్మ. "ఇదన్నా నన్ను చెయ్యనియ్యి."

ఏమిటిదన్నాడు ఈదయ్య. ఎవరూ చెప్పలేదు. కాటయ్య చేతిలో కడవ అలాగే ఉంది. ముసలాయన పెచ్చును తిప్పి చూసుకున్నాడు. వాసన చూశాడు. మూత ముక్క అని తెలిసింది. వేళ్లు మెల్లగా దాని మీద నడిచాయి. బొటనవేలి గుంట. చూపుడు వేలు. నడిమి వేలు. ఉంగరపు వేలు. ఆ పక్క గుంటలో ఆయన వేలు సగం దాకా పోయి, ఇక దారి లేక ఆగిపోయింది.

బస్సు రెండోసారి హారన్ కొట్టింది. మల్సూర్ కదలలేదు.

ఈదయ్య తలెత్తలేదు. ఆయన వేలు ఆ సగం గుంటలోంచి బయటికి రాలేదు. గోలెం మీద పచ్చి మన్ను ఎవరి చెయ్యీ పడకుండానే అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. ఆ నిశ్శబ్దంలో, అందరికీ వినపడేలా, ముంతలో మొదటి బుడగ లేచి పగిలింది.